ఆ స్టైలిష్ అక్షరాలు ఈయనవే.. కానీ జీవితమంతా చేసిన పుస్తకాన్ని మాత్రం చూడలేకపోయారు!

ఫ్యాషన్ మ్యాగజైన్లు, పెర్ఫ్యూమ్ బాక్సులు, పోస్టర్లు.. వీటిపై ఒక రకం ఇంగ్లిష్ అక్షరాలు తరచూ కనిపిస్తుంటాయి. నిలువు గీత బాగా లావు. అడ్డగీత వెంట్రుకంత సన్నం. డిజైనర్లు ముద్దుగా వాడుకునే ఆ ఫాంట్లలో ఒకదాని పేరు బొడోనీ. నిజానికి అది ఓ మనిషి ఇంటిపేరు. ఇంతకీ ఎవరాయన?

ప్రింటర్ కొడుకు
జంబత్తీస్తా బొడోనీ 1740లో ఇటలీలోని సలుజ్జోలో పుట్టారు. తండ్రి ప్రింటర్ కావడంతో అచ్చుపని ఇంట్లోనే అబ్బింది. 18 ఏళ్లకే రోమ్ వెళ్లి, క్యాథలిక్ చర్చి ప్రెస్సులో చేరారు. ఆసియా భాషల లిపులు అక్కడే పరిచయమయ్యాయి.

ఇంగ్లండ్‌లో అప్పటికే పేరు మోసిన ప్రింటర్ జాన్ బాస్కర్‌విల్. ఆయన దగ్గర పనిచేయాలని బొడోనీ బయల్దేరారు. కానీ మధ్యలోనే జబ్బుపడి ఇంటికి తిరిగొచ్చేశారు. అలా ఇంగ్లండ్ కల చెదిరింది. అయితే 1768లో పార్మా డ్యూక్ నుంచి పిలుపొచ్చింది. రాజముద్రణాలయం బాధ్యత ఆయనకే అప్పగించారు. ఇక చివరి వరకూ అదే ఊరు.

ఉక్కు మీద వెంట్రుక గీత
అప్పట్లో ఫాంట్ అంటే కంప్యూటర్ పని కాదు కదా! ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. దాన్ని రాగి ముక్కపై కొట్టి అచ్చు తీయాలి. అందులో కరిగిన సీసం లోహం పోస్తే ఒక్క అక్షరం తయారు. ప్రతి సైజుకూ మళ్లీ మొదటి నుంచీ చెక్కాల్సిందే. బొడోనీ వేల సంఖ్యలో ఇలాంటివి తయారు చేయించారు. నగిషీలు తగ్గించి, పేజీలో ఖాళీ స్థలం పెంచారు. ప్యారిస్‌లో డిడో కుటుంబం కూడా దాదాపు ఇదే దారిలో నడిచింది. ఇద్దరి మధ్య గట్టి పోటీయే ఉండేది.

లోపం లేదా అంటే.. ఉంది. సైజు తగ్గితే ఆ సన్నగీతలు కంటికి ఆనవు. చదవడం కష్టం. అందుకే ఈ అక్షరాలను హెడ్డింగులకు, లోగోలకే ఎక్కువగా వాడతారు.

భార్య పూర్తి చేసిన పుస్తకం
1806లో క్రైస్తవుల ప్రార్థన ఒకదాన్ని ఏకంగా 155 భాషల్లో అచ్చేశారు. అయినా ఆయన మనసంతా మరో పుస్తకం మీదే. తన అక్షరాలన్నిటినీ ఒకేచోట చూపించాలన్నది ఆశ. 1788లో ఒక రూపం తెచ్చినా తృప్తి కలగలేదు. పెంచుతూ, దిద్దుతూనే ఉన్నారు. 1813 నవంబరులో కన్నుమూశారు. పుస్తకం అలాగే ఆగిపోయింది.

భార్య మార్గరీటా మాత్రం వదల్లేదు. ప్రెస్సు ఫోర్‌మన్ సాయంతో ఐదేళ్లు కష్టపడి, 1818లో రెండు సంపుటాలుగా బయటకు తెచ్చారు. అదే మాన్యువాలే టిపోగ్రాఫికో. టైపోగ్రఫీ చరిత్రలో ఇప్పటికీ గొప్ప పుస్తకాల్లో ఒకటి.

20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ ఈ అక్షరాలకు కొత్త రూపమిచ్చారు. అక్కడి నుంచి అవి ప్రపంచమంతా తిరిగాయి. బొడోనీ వాడిన ఉక్కు అచ్చులు పార్మాలోని మ్యూజియంలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.