కంప్యూటర్ లేని రోజుల్లోనే డేటాతో సిటీ ప్లాన్.. మోక్షగుండం మూసీ లెక్క ఇదీ!

కొత్తగా మున్సిపాలిటీ అయిన గడ్డపోతారంలో రోడ్డు ఎటు వేయాలి? డ్రైనేజీ ఎటు తిప్పాలి? ఇప్పుడైతే ఇలాంటి పని జీఐఎస్ మ్యాప్‌తో మొదలవుతుంది. శాటిలైట్ ఫొటో మీద చెరువులు, వాగులు, ఫ్యాక్టరీలు, ఇళ్లు ఒక్కో పొరగా పరిచి చూస్తారు. ఇవేవీ లేని కాలంలో ఇదే పని కాగితం మీద చేసి చూపించారు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

పుట్టింది కర్ణాటకలోని ముద్దెనహళ్లిలో. ఇంటిపేరు మాత్రం మనదే.. పూర్వీకుల ఊరు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. పుణెలో ఇంజినీరింగ్ చదివి, బొంబాయి ప్రభుత్వంలో ఏళ్ల తరబడి పనిచేశారు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. అప్పటికే ఉద్యోగం వదిలి యూరప్ టూర్‌లో ఉన్న విశ్వేశ్వరయ్యకు నిజాం ప్రభుత్వం కబురు పెట్టింది. 1909లో వచ్చారు.

రాగానే గోడలు కట్టమనలేదు. ముందు లెక్క తీశారు. సిటీకి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులు. వాటిలో 221 తెగిపోయాయి! పై చెరువు కట్ట తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీదే కదా.. అలా వరుసగా తెగి, వరద 4.25 లక్షల క్యూసెక్కులకు చేరిందని తేల్చారు. శంషాబాద్‌లో 24 గంటల్లో దాదాపు 13 అంగుళాల వాన. ఇక్కడి రికార్డులు సరిపోవని వేరే ప్రాంతాల వాన లెక్కలు కూడా తెప్పించుకున్నారు. అంతకంటే పెద్ద వాన రాదన్న గ్యారంటీ లేదని వాటిలోనే తేలింది. అందుకే సిటీలో గోడలతో సరిపెట్టకుండా, ఎగువనే నీళ్లు ఆపాలన్నారు.

అదే ఏడాది మైసూర్‌కు చీఫ్ ఇంజినీర్‌గా వెళ్లిపోయారు. ఆ లెక్కలు మాత్రం ఇక్కడే ఉన్నాయి. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి అనుకున్నవే సిటీకి తాగునీళ్లూ ఇచ్చాయి.

గడ్డపోతారం సంగతి వేరే. పటాన్‌చెరు బెల్టు నీళ్లు మూసీకి పోవు, నక్కవాగు మీదుగా మంజీరాలో కలుస్తాయి. ఫ్యాక్టరీల కెమికల్ నీళ్లతో ఇక్కడి చెరువులు ఎంత దెబ్బతిన్నాయో స్థానికులకు చెప్పక్కర్లేదు. ఇక్కడ నీళ్లు ఎటు పోతాయన్నదే కాదు, వాటిలో ఏం పోతోందన్నదీ మ్యాప్‌కెక్కాలి. ఎవరూ వెళ్లి చూడని తూము ఏ సాఫ్ట్‌వేర్‌కూ కనిపించదు మరి.

విశ్వేశ్వరయ్యకు 1955లో భారతరత్న వచ్చింది. వందేళ్లు దాటాక, 1962లో బెంగళూరులో కన్నుమూశారు. ఆయన పుట్టిన సెప్టెంబర్ 15నే మనం ఇంజినీర్స్ డే జరుపుకుంటున్నాం.