యోలో మోర్గానుగ్

యోలో మోర్గానుగ్ (మార్చి 10, 1747 - డిసెంబరు 18, 1826) వెల్షు కవి, ప్రాచీన గ్రంథ సేకర్త. అసలు పేరు ఎడ్వర్డ్ విలియమ్స్. వృత్తిరీత్యా రాతిపనివాడు. వేల్స్ దేశంలో ఏటా జరిగే ఐస్టెద్‌వోద్ అనే కవితా సంగీతోత్సవంలో కనిపించే కవి పీఠపు వేడుకలకు ఇతడే మూలపురుషుడు. ఆ వేడుకలు అతి ప్రాచీనమైనవని ఇతడు లోకాన్ని నమ్మించాడు. అవి ఇతని కల్పనలేనని తరువాతి కాలంలో రుజువైంది.

బాల్యం, జీవనం

గ్లామోర్గన్ ప్రాంతంలోని లాన్‌కార్వన్ సమీపాన పెన్నన్ పల్లెలో జన్మించి, ఫ్లెమింగ్‌స్టన్ గ్రామంలో పెరిగాడు. తల్లి వద్ద చదువు, తండ్రి వద్ద రాతిపని నేర్చుకున్నాడు. గ్లామోర్గన్‌కు వెల్షు భాషలోని పేరునే కలంపేరులో చేర్చుకున్నాడు. 1773లో పనికై లండన్ వెళ్ళి, అక్కడి వెల్షు సాహిత్యాభిమానులతో పరిచయం పెంచుకున్నాడు. ఉబ్బసపు బాధకు వాడిన నల్లమందు ద్రావకం జీవితాంతం అలవాటుగా మిగిలింది. 1781లో మార్గరెట్ రాబర్ట్స్‌ను వివాహమాడాడు. వ్యాపారాలలో నష్టపోయి, అప్పులు తీర్చలేక 1786-87లో కార్డిఫ్ చెరసాలలో గడిపాడు.

ఇతడు బానిసత్వాన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. తరువాత కౌబ్రిడ్జ్ పట్టణంలో నడిపిన దుకాణంలో, బానిసల శ్రమతో తయారయ్యే వెస్టిండీస్ చక్కెరకు బదులు తూర్పు ఇండియా చక్కెరను అమ్మాడు.

కల్పిత రచనలు

1789లో, 14వ శతాబ్దపు మహాకవి దావిద్ ఆప్ గ్విలిమ్ కవితల సంపుటి లండన్‌లో వెలువడింది. దాని అనుబంధానికి ఇతడు పంపిన కవితలలో అనేకం ఇతడే వ్రాసినవి. 1801-1807 మధ్య మూడు సంపుటాలుగా వచ్చిన ప్రాచీన వెల్షు వాఙ్మయ సంకలనంలోనూ అసలు ప్రతులతో పాటు ఇతని కల్పనలు చేరాయి. పురాతన డ్రూయిడ్ పురోహితుల విద్యా సంప్రదాయం గ్లామోర్గన్‌లోనే చెక్కుచెదరక నిలిచిందని నిరూపించాలన్నది ఇతని తపన.

కవి పీఠం

వేల్స్‌లో కవులకు, గాయకులకు పోటీలు పెట్టి గెలిచినవారికి ఆసనమిచ్చే ఆచారం పాతదే. 1176లో కార్డిగన్ కోటలో అటువంటి సభ జరిగింది. అయితే గోర్సెద్ అనే కవి పీఠం దానిలో భాగం కాదు. ఇతడు 1792లో లండన్‌లోని ప్రింరోజ్ గుట్టపై మొదటి గోర్సెద్ సభ జరిపాడు. అక్కడ గులకరాళ్ళను వలయంగా పేర్చాడని చెబుతారు. 1819లో కార్మార్థన్ ఐస్టెద్‌వోద్‌లో గోర్సెద్‌ను నిర్వహించడంతో అది ఉత్సవానికి జతపడింది. నీలం, తెలుపు, ఆకుపచ్చ వస్త్రాలు ధరించిన సభ్యులు నేటికీ ఆ సంప్రదాయాన్ని పాటిస్తున్నారు.

మరణానంతరం

ఇతడు ఫ్లెమింగ్‌స్టన్‌లోనే మరణించాడు. సరిగ్గా నూరేళ్ళకు, 1926లో, పండితుడు గ్రిఫిత్ జాన్ విలియమ్స్ తన గ్రంథంలో 1789 నాటి అనుబంధపు గుట్టును బయటపెట్టాడు. అప్పటివరకు ఇతని వ్రాతలను ఆధారం చేసుకొన్న సాహిత్య చరిత్రలను తిరిగి పరిశీలించవలసి వచ్చింది.

అయినప్పటికీ ఇతడు ఊరూరా తిరిగి నకలు చేసిన వ్రాతప్రతులు, సేకరించిన జానపద గీతాలు విలువైనవి. మహాకవి పేర చలామణి అయిన కవితలు ఇతని స్వంత ప్రతిభకు నిదర్శనాలుగా గుర్తింపు పొందాయి. కల్పితమని తెలిసిన తరువాత కూడా వెల్షు ప్రజలు గోర్సెద్‌ను విడువలేదు. ఆంగ్ల ప్రాబల్యం మధ్య తమ భాషకు గౌరవం కల్పించే వేదికగా దానిని నిలుపుకున్నారు.