తన సినిమాను చూడలేకపోయిన రచయిత: స్టీగ్ లార్సన్ జీవితం, ఒక రెండో భాగంపై వాదన

2009 సెప్టెంబరులో స్వీడన్ సినిమా థియేటర్లలో ఒక రెండో భాగం విడుదలైంది. దాని స్వీడిష్ పేరుకు 'నిప్పుతో ఆడిన అమ్మాయి' అని అర్థం. ప్రపంచం దానిని 'ది గర్ల్ హూ ప్లేడ్ విత్ ఫైర్'గా ఎరుగును. అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన మొదటి భాగం ఘనవిజయం సాధించి ఉండడంతో ప్రేక్షకులు ఎంతో ఆశతో వెళ్లారు. బయటికి వచ్చాక వారి అభిప్రాయాలు రెండుగా చీలిపోయాయి. ఆ వాదనకు మూలమైన నవలను రాసిన వ్యక్తి మాత్రం ఏ పక్షానికీ సమాధానం చెప్పే స్థితిలో లేరు. అప్పటికి ఐదేళ్ల క్రితమే ఆయన మరణించారు. ఆయన పేరు స్టీగ్ లార్సన్.

పెదవి విరిచినవారి వాదన ఇది. మొదటి చిత్రంలో ఒక ద్వీపం, ఒక సంపన్న కుటుంబం, నలభై ఏళ్ల క్రితం అదృశ్యమైన ఒక బాలిక ఉన్నారు. ప్రశ్న స్పష్టంగా ఉంది, చివరకు సమాధానమూ దొరికింది. రెండో చిత్రంలో అటువంటి బిగువు లేదు. స్త్రీల అక్రమ రవాణాపై పరిశోధిస్తున్న ఒక జంట హత్యకు గురవుతుంది. నేరం లిస్బెత్ సలాండర్ మీద పడుతుంది. అక్కడి నుంచి కథ గూఢచారి వ్యవస్థలోకీ, ఆమె తండ్రి గతంలోకీ విస్తరించి, మూడో భాగం కోసం మధ్యలోనే ఆగిపోతుంది. నాయకుడు మికాయెల్ బ్లూమ్‌క్విస్ట్, లిస్బెత్ దాదాపు చివరి వరకు ఒకరికొకరు ఎదురుపడరు. నవల చదివినవారికి మరో వెలితి కనిపించింది. గ్రెనడాలో సాగే అధ్యాయాలకు, లిస్బెత్‌ను వెంటాడే ఫెర్మా గణిత సమస్యకు తెరమీద చోటు దక్కలేదు.

దర్శకుడు మారడం కూడా చర్చకు వచ్చింది. మొదటి చిత్రాన్ని డెన్మార్క్‌కు చెందిన నీల్స్ ఆర్డెన్ ఓప్లెవ్ తీయగా, తర్వాతి రెండింటికీ డానియెల్ ఆల్ఫ్రెడ్సన్ దర్శకత్వం వహించారు. ఆ రెండూ తొలుత టెలివిజన్ కోసం ఉద్దేశించినవి. మొదటి చిత్రం విజయం వల్లనే అవి థియేటర్లకు చేరాయి. తెరమీద మునుపటి వైభవం తగ్గిందన్న మాటకు ఇది కొంతవరకు కారణం.

రెండో పక్షం వాదన వేరు. మొదటి చిత్రంలో లిస్బెత్ ఒక పరిశోధకుడికి సహాయకురాలు. రెండో చిత్రంలో కథే ఆమెది. బాల్యంలో ఆమెకు జరిగిన అన్యాయం, ఆమెను పిచ్చిదానిగా ముద్రవేసిన రాజ్యవ్యవస్థ ఇక్కడే బయటపడతాయి. ఆ పాత్రలో నూమీ రాపాస్ నటన గురించి రెండు పక్షాల మధ్య పెద్దగా భేదం లేదు. ఒకరు లోపమన్నది మరొకరికి గుణంగా తోచడానికి కారణం లార్సన్ జీవితంలోనే ఉంది.

లార్సన్ 1954 ఆగస్టు 15న ఉత్తర స్వీడన్‌లోని స్కెలెఫ్టెహామ్న్‌లో జన్మించారు. తండ్రి అక్కడి లోహశుద్ధి కర్మాగారంలో పనిచేసేవారు. తల్లిదండ్రులు బతుకుతెరువు కోసం స్టాక్‌హోమ్‌కు వెళ్లగా, బిడ్డ పల్లెలో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర చిన్న చెక్క ఇంట్లో పెరిగారు. తాతయ్య నాజీలకు బద్ధవిరోధి. మనవడి రాజకీయ దృష్టికి తొలి గురువు ఆయనే. 1962లో తాతయ్య మరణించాక బాలుడు ఊమియో పట్టణంలో తల్లిదండ్రుల చెంతకు చేరారు. కౌమారంలో కానుకగా వచ్చిన టైప్‌రైటర్ ఆయనకు ప్రాణమైంది.

1972లో వియత్నాం యుద్ధ వ్యతిరేక సభలో ఎవా గాబ్రియెల్సన్ పరిచయమయ్యారు. తర్వాత వాస్తుశిల్పి అయిన ఆమె, లార్సన్ మరణించే వరకు ఆయనకు జీవన సహచరి. 1977లో ఆయన ఎరిట్రియా వెళ్లి, విముక్తి పోరాటంలో ఉన్న మహిళా గెరిల్లాలకు మోర్టార్ల వాడకంలో శిక్షణ ఇచ్చారు. ప్రాణాలతో తిరిగి వస్తారో లేదోనని ప్రయాణానికి ముందు ఒక వీలునామా రాశారు. దానిపై సాక్షుల సంతకాలు లేవు. ఆ కాగితం ప్రస్తావన చాలా కాలం తర్వాత మళ్లీ వచ్చింది.

సుమారు రెండు దశాబ్దాలు లార్సన్ టీటీ వార్తాసంస్థలో పనిచేశారు. అక్కడ ఆయన ప్రధాన వృత్తి వార్తలకు పటాలు, చిత్రాలు రూపొందించడం. అసలు శ్రమ మాత్రం ఉద్యోగ వేళల తర్వాత మొదలయ్యేది. స్వీడన్‌లో తలెత్తుతున్న నయా నాజీ ముఠాల పేర్లు, నిధులు, సంబంధాలు ఆయన ఓపికగా సేకరించేవారు. 1991లో అన్నా లేనా లోడేనియస్‌తో కలిసి తీవ్ర మితవాదంపై ఒక గ్రంథం ప్రచురించారు. 1995లో ఎక్స్‌పో సంస్థ స్థాపకులలో ఒకరయ్యారు. మరుసటి ఏడాది ఆ పత్రికను అచ్చువేసేవారికీ, అమ్మేవారికీ బెదిరింపులు వచ్చినప్పుడు, దేశంలోని రెండు పెద్ద దినపత్రికలు దానిని అనుబంధంగా అచ్చువేసి పాఠకులకు అందించాయి. బ్లూమ్‌క్విస్ట్ నడిపే 'మిలెనియం' అనే చిన్న పత్రికలో ఎక్స్‌పో ఛాయలు స్పష్టం.

హత్యా బెదిరింపులు లార్సన్‌కు నిత్యకృత్యం. ఆయన, ఎవా వివాహం చేసుకోలేదు. పెళ్లి నమోదైతే చిరునామా బహిరంగ రికార్డుల్లోకి చేరి శత్రువుల చేతికి చిక్కుతుందనే భయమే అందుకు కారణమని ఆమె తర్వాత వివరించారు. ప్రాణరక్షణ కోసం తీసుకున్న ఆ జాగ్రత్తే ఆమెకు శాపమైంది.

నవలలను ఆయన రాత్రివేళల్లో, విశ్రాంతి కోసం రాశారు. ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ సృష్టించిన అల్లరి పిల్ల పిప్పీ పెద్దదైతే ఎలా ఉంటుందన్న ఊహ నుంచి లిస్బెత్ పుట్టింది. అయితే ఆ కథల వస్తువు విశ్రాంతికి సంబంధించినది కాదు. మొదటి నవల స్వీడిష్ పేరుకు 'స్త్రీలను ద్వేషించే పురుషులు' అని అర్థం. రెండో నవలలో ఆ ద్వేషం ఒక్క ఇంటిని దాటి వ్యాపారంగా, పోలీసు రికార్డుగా, రాజ్య రహస్యంగా విస్తరిస్తుంది. ఒక హంతకుణ్ని పట్టుకోవడంతో పని పూర్తయిందని లార్సన్ జీవితం ఆయనకు నేర్పలేదు. ఒక పేరు వెనుక మరో పేరు, ఒక ముఠా వెనుక డబ్బు, దాని వెనుక మౌనం వహించే అధికారి ఉంటారని ఆయన దస్త్రాలు చెప్పాయి. రెండో భాగం చక్కగా ముగియలేదని అసంతృప్తి చెందిన ప్రేక్షకుడు చూసింది ఈ అనుభవాన్నే. ఆ విస్తృతిని సుమారు రెండు గంటల చిత్రంలో ఇమడ్చబోయి సినిమా కొంత తడబడిందన్న విమర్శలోనూ న్యాయం ఉంది. మరుసటి ఏడాది మూడు చిత్రాలనూ పొడిగించి ఆరు భాగాల టెలివిజన్ ధారావాహికగా ప్రసారం చేశారు.

2004లో నోర్‌స్టెట్స్ ప్రచురణ సంస్థ మూడు నవలలకూ ఒప్పందం కుదుర్చుకుంది. పుస్తకం అచ్చులో చూసే అదృష్టం లార్సన్‌కు లేకపోయింది. ఆ ఏడాది నవంబరు 9న కార్యాలయంలో లిఫ్టు పనిచేయకపోవడంతో మెట్లెక్కి వెళ్లిన ఆయన గుండెపోటుతో కన్నుమూశారు. వయస్సు 50 ఏళ్లు. 1938లో జర్మనీలో యూదులపై నాజీలు దాడులకు దిగిన రాత్రి కూడా అదే తేదీన వస్తుంది.

2005 నుంచి 2007 వరకు ఏడాదికొకటిగా నవలలు వెలువడి కోట్ల ప్రతులు అమ్ముడయ్యాయి. సాక్షులు లేని పాత వీలునామా చెల్లలేదు. చట్టం ప్రకారం ఆస్తి, రచనల హక్కులు తండ్రికీ, సోదరుడికీ దక్కాయి. మూడు దశాబ్దాలు కలిసి జీవించిన ఎవాకు రచనలపై ఏ హక్కూ లభించలేదు. సినిమాల విషయంలోనూ నిర్ణయాధికారం ఆమెది కాలేకపోయింది. సొమ్ము కంటే ఆయన రచనల బాగోగులు చూసే అధికారమే తనకు ముఖ్యమని ఆమె వాదించారు.

2011లో హాలీవుడ్ మొదటి నవలను మళ్లీ తెరకెక్కించింది. సెన్సార్ బోర్డు కోరిన కోతలకు నిర్మాతలు అంగీకరించకపోవడంతో ఆ చిత్రం భారతదేశంలో థియేటర్లకు రాలేదు. తర్వాత 2018లో హాలీవుడ్ రెండో నవలను దాటవేసి, లార్సన్ మరణానంతరం డేవిడ్ లాగర్‌క్రాంట్స్ రాసిన నాలుగో పుస్తకాన్ని ఎంచుకుంది. ఆ కొనసాగింపును ఎవా బహిరంగంగా వ్యతిరేకించారు. అందువల్ల లార్సన్ రాసిన రెండో కథను వెండితెరపై చూడాలనుకునేవారికి నేటికీ ఉన్నది ఆ స్వీడిష్ చిత్రమే. దాని మంచిచెడులపై ప్రేక్షకులు ఇంకా ఎవరి తీర్పు వారు ఇస్తూనే ఉన్నారు.