కట్టమంచి వారి రాజకీయపు లెక్కలు

పెద్ద కంపెనీలు పరాయి దేశంలో డబ్బు పెట్టేముందు అక్కడి ప్రభుత్వం నిలుస్తుందా, కూలుతుందా, గాలి ఎటు తిరుగుతుంది అని జీతాలిచ్చి మరీ అంచనాలు వేయించుకుంటాయి. ఈ వృత్తికి ఒక పేరంటూ పుట్టకముందే ఆ పని చేసి, జీతం మాట అటుంచి చేతిలో ఉన్న కొలువే వదులుకున్న పెద్దమనిషి మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి వైస్-ఛాన్సలర్. స్నాతకోత్సవ మందిరం మీద ఆయన పేరు రోజూ చూస్తూ పోయే మనలో ఎందరికి ఆ సంగతి తెలుసు?

కట్టమంచి రామలింగారెడ్డిగారు 1880లో చిత్తూరు దగ్గర కట్టమంచిలో జన్మించారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీ విద్యార్థిగా ఉండగానే 'ముసలమ్మ మరణము' కావ్యం రాశారు. ప్రభుత్వ వేతనం మీద కేంబ్రిడ్జి వెళ్లి అక్కడి యూనియన్‌లో వాగ్ధాటితో పేరు తెచ్చుకుని, పదవికి ఎన్నికయ్యారు (మన యూనియన్ నాయకులు గమనింతురు గాక!). తిరిగివచ్చి బరోడాలో, మైసూరులో పాఠాలు చెప్పారు. 'కవిత్వతత్త్వ విచారము'తో పండితుల్లో కలకలం రేపారు. తెలుగులో అర్థశాస్త్రమూ రాశారు. మైసూరు విద్యాశాఖలో పెద్ద పదవి దాకా ఎదిగి, దాన్ని కాదనుకుని మద్రాసు రాజకీయాల్లోకి దిగారు.

అసలు కథ అక్కడుంది. అది ద్వంద్వ ప్రభుత్వ కాలం. కొన్ని శాఖలు మంత్రులవి, ఖజానా, పోలీసు మాత్రం గవర్నరు చేతిలో. మొదట జస్టిస్ పార్టీలో ఉన్న రెడ్డిగారు దాన్నుంచి బయటికొచ్చి, 1923 నవంబరులో పానగల్ రాజావారి మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. 44 ఓట్లు అటు, 65 ఓట్లు ఇటు. ఓడిపోయారు. ప్రభుత్వం నియమించిన సభ్యులు కూడా ఓటేసే సభలో గెలుపు కష్టమని అంతటి తెలివిగలవాడికి తెలియదా? తెలిసే పెట్టారని నాకనిపిస్తుంది. అలాంటి మంత్రివర్గం ఎవరి దన్నుతో నిలబడుతుందో ఆ ఓట్లే ఊరందరికీ చూపించాయి.

1926లో విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలైంది, తర్వాత వాల్తేరు చేరింది. 1930లో ఉప్పు సత్యాగ్రహం. సర్కారు అణచివేతకు నిరసనగా రెడ్డిగారు రాజీనామా ఇచ్చేశారు. తాను నాటిన మొక్క ఇంకా వేళ్లూనుకోలేదు, అయినా వదిలేశారు. 1931 నుంచి రాధాకృష్ణన్‌గారు నడిపారు. 1936లో రెడ్డిగారు మళ్లీ వచ్చారు. మధ్యలో కాంగ్రెసులోనూ ఉన్నారు, దానికీ దూరమయ్యారు. కాంగ్రెసు మంత్రివర్గాల పాలనను తూచి 1940లో ఇంగ్లీషులో పుస్తకం వేశారు. ఏ పార్టీలోనూ కుదురుగా ఉండలేదన్న విమర్శ ఉంది, అది అబద్ధమేమీ కాదు.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఓడరేవు ఉన్న ఊరు కదా, గురి అదే. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. తిరిగి వచ్చింది 1946లో. ఆ 1942లోనే, క్విట్ ఇండియా ఏడాదిలోనే, ఆయనకు 'సర్' బిరుదొచ్చింది, పుచ్చుకున్నారు! పన్నెండేళ్ల కిందట రాజీనామా పారేసిన మనిషేనా అని ఎవరైనా అడిగితే జవాబు సులువు కాదు. ఊళ్లు మారిన సంస్థను, కుర్రాళ్ల చదువును ముందు చూసుకున్నారని నా ఊహ. అది సరైన లెక్కేనా అన్నది పాఠకుల ఇష్టం.

1949 దాకా ఆ కుర్చీలోనే ఉన్నారు. పెళ్లి చేసుకోలేదు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953లో.