కాటన్ దొర, మా తుంగభద్ర

మాది కోసిగి. తుంగభద్ర మా మండలం పక్కనే పారుతుంది, దిగువ కాలువ మా మీదుగానే పోతుంది. అయినా ఎండాకాలం వస్తే బిందెల వరుస తప్పదు. మా పంటలు అయిపోయాక వీధిలో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. అందరూ సుగ్గికి పోతారు, అంటే గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి వలస. మా అమ్మా నాయనా కూడా పోయేవాళ్ళు. నేను జేజి దగ్గర ఉండి చదువుకున్నా. ఇప్పుడు సివిల్ థర్డ్ ఇయర్.

హాస్టల్లో గోదావరి ఫ్రెండ్స్ కాటన్ దొర గురించి సొంత తాత లెక్క చెప్తుంటే నాకు కొంచెం కుళ్ళుగా ఉండేది. మా వైపు ఆయన ఎందుకు చూడలేదో అనుకునేవాణ్ణి. ఇరిగేషన్ సబ్జెక్టు కోసం చదువుతుంటే తెలిసింది, చూశాడని. ఆ కథే ఇది.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు. మిలిటరీ స్కూల్లో చదివి 1821లో మద్రాసు వచ్చాడు, అంటే మనం ఎంసెట్ రాసే వయసులో. ముందు కావేరి దగ్గర పని. ఇసుక మీద వందల ఏళ్ళుగా నిలబడ్డ చోళుల కల్లణైని చూసి, నదిలో పునాది ఎట్లా వెయ్యాలో నేర్చుకున్నాడు. ఆ పాఠం ధవళేశ్వరంలో పనికొచ్చింది. 1847లో మొదలైన ఆనకట్ట 1852కి పూర్తయింది. కరువులతో ఖాళీ అయిన డెల్టా అన్నపూర్ణ అయింది. ఇంతవరకు అందరికీ తెలుసు.

తర్వాత ఆయన చూపు తుంగభద్ర మీద పడింది. నదిలో నీళ్ళు నిలవ చెయ్యాలి, పెన్నాతో కలపాలి, కాలువల్లో పడవలు నడపాలి అని 1860 నాటికే ఆలోచించాడు. ఆ ఉత్సాహంతోనే మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ పుట్టింది. సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా దాదాపు 300 కిలోమీటర్ల కాలువ తవ్వారు. అదే కేసీ కెనాల్.

కానీ లెక్క తప్పింది. అనుకున్న పది లక్షల పౌండ్లు చాలలేదు, సర్కారు దగ్గర అప్పు చెయ్యాల్సి వచ్చింది. కట్టింది ఆనకట్టే గానీ రిజర్వాయర్ కాదు. నది ఎండితే కాలువా ఎండుతుంది. పైగా మాది నల్లరేగడి, తేమ పట్టుకునే నేల. జొన్న, పత్తి వేసే రైతు మంచి వాన పడిన ఏడు డబ్బు కట్టి నీళ్ళు ఎందుకు కొంటాడు? డెల్టాలో వరి రైతుకు పనికొచ్చిన లెక్క ఇక్కడ పనికిరాలేదు. చివరికి 1882లో సర్కారే కాలువను కొనేసింది.

ఈ మధ్యలోనే 1876లో ధాత కరువు వచ్చింది. మా ఊరి మీదుగా పోయే మద్రాసు-బొంబాయి రైలు మార్గం 1871కే పూర్తయింది. పట్టాలు ఉన్నాయి, నీళ్ళు లేవు. కర్నూలు, బళ్ళారి జిల్లాల్లో జనం లెక్కలేకుండా చచ్చిపోయారు. అప్పటికి డెబ్బై దాటిన కాటన్, రైళ్ళు ఒక్కటే కరువును ఆపలేవని లండన్లో రాశాడు, 1878లో పార్లమెంటు కమిటీ ముందు వాదించాడు. కేసీ కెనాల్ నష్టాన్ని చూపించి ఆయన్ని తప్పు పట్టినవాళ్ళే ఎక్కువ. 1899 జులై 24న, 96 ఏళ్ళకు పోయాడు.

ఆయన అనుకున్న నిలవ నీళ్ళు హొస్పేట దగ్గర డ్యామ్ గా వచ్చేసరికి 1953 అయింది. మొదట 133 టీఎంసీలు పట్టిన ఆ డ్యామ్ ఇప్పుడు దాదాపు 105 మాత్రమే పడుతుంది. పూడిక తిన్నది దాదాపు మన రాష్ట్రానికి దిగువ కాలువలో ఇచ్చిన వాటా అంత.

నాకు కాటన్ మీద కుళ్ళు పోయింది, గౌరవం పెరిగింది. కానీ గుడ్డిగా కాదు. నదిని ఆయన బాగా చదివాడు. మా నేలను, మా రైతు జేబును అంతగా చదవలేదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు మా మండలం చెరువులు, కాలువ చివరి తూములు తీసుకుందామనుకుంటున్నా. డిజైన్ మొదలుపెట్టే ముందు సుగ్గి నుంచి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి అడుగుతా: ఏ నెలలో ఎన్ని నీళ్ళుంటే ఈ ఏడు తాళం వెయ్యకుండా ఉంటారని.