అనుమతికి హద్దు గీసిన శాస్త్రజ్ఞుడు – డెనిస్ రిచీ

మనము ఒక గొప్ప కట్టడమును చూచినప్పుడు దానిని కట్టించిన ప్రభువు పేరు అడిగి తెలుసుకుంటాము. ఒక మంచి గ్రంథమును చదివినప్పుడు గ్రంథకర్తను స్మరించుకుంటాము. కాని కంప్యూటరులో ఒక ఫైలును తెరువబోగా, దానిని చూచుటకు మీకు అనుమతి లేదని యంత్రము నిరాకరించినప్పుడు, ఆ నిరాకరణ వెనుక ఎవరి ఆలోచన ఉన్నదని ఎవరమూ అడుగము. తెలుగు బోధించువారికి ఈ శాస్త్రముతో ఏమి పని అని కొందరు మిత్రులు మమ్ము ప్రశ్నింపవచ్చును. ఎవరికి ఎంత అధికారము ఈయవలెను, ఇచ్చిన అధికారమునకు ఎక్కడ హద్దు ఉండవలెను అన్నది ఒక్క యంత్రశాస్త్రమునకే చెందిన ప్రశ్న కాదు. అది మనుష్యుల ప్రశ్న. అందువలననే డెనిస్ రిచీ జీవితమును మా విద్యార్థినీ విద్యార్థుల ముందు ఉంచదలచినాము.

డెనిస్ రిచీ 1941 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రమున, బ్రాంక్స్‌విల్ అను ఊరిలో జన్మించినారు. తండ్రి అలిస్టెయిర్ రిచీ, టెలిఫోను పరిశోధనలకు పేరు పొందిన బెల్ ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు. టెలిఫోను స్విచ్చింగు వలయముల రచనను గూర్చి వెలువడిన ఒక ప్రామాణిక గ్రంథమునకు ఆయన సహరచయిత. కుటుంబము న్యూజెర్సీకి తరలిన తరువాత డెనిస్ సమ్మిట్ పట్టణములోని ఉన్నత పాఠశాలలో చదివి, అటుపిమ్మట హార్వర్డ్ విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్రమును, అనువర్తిత గణితమును అభ్యసించినారు. 1967లో తండ్రి పనిచేసిన బెల్ ప్రయోగశాలలోనే ఉద్యోగమున చేరినారు. డాక్టరేటు కొరకు పరిశోధన వ్యాసమును పూర్తిచేసినారు గాని, బైండు చేయించిన ప్రతిని గ్రంథాలయమునకు సమర్పింపనందున ఆ పట్టము వారికి దక్కలేదు. పట్టము లేని ఆ పరిశోధకుని పుస్తకమును పిమ్మట లోకమంతటను పట్టముల కొరకు చదువవలసి వచ్చినది.

ఆ రోజులలో బెల్ ప్రయోగశాల, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ కలిసి మల్టిక్స్ అను బృహత్తర వ్యవస్థను నిర్మించుచుండెను. అనేకులు ఒకే కంప్యూటరును ఒకే సమయమున వాడుకొనునట్లు చేయుట దాని ధ్యేయము. పని జాప్యము కాగా 1969లో బెల్ ప్రయోగశాల దానినుండి తప్పుకొన్నది. రిచీ సహచరుడైన కెన్ థాంప్సన్, అంతగా ఎవరికీ పనిబడని పీడీపీ-7 అను చిన్న యంత్రముపై, అదే సంవత్సరము ఒక చిన్న వ్యవస్థకు పునాది వేసినారు. రిచీ ఆయనతో చేతులు కలిపినారు. అదియే యూనిక్స్. దానికొరకు రిచీ రూపొందించిన భాష సి. 1973లో యూనిక్స్‌ను ఆ భాషలో తిరిగి వ్రాసినారు. 1978లో బ్రయన్ కెర్నిఘన్‌తో కలిసి రిచీ సి భాషపై వ్రాసిన గ్రంథమును మన దేశములోనూ ఎందరో విద్యార్థులు చదివినారు.

సి భాషను గూర్చి తెలిసినవారు చాలమంది ఉన్నారు. రిచీ చేసిన మరియొక చిన్న పనిని గూర్చి తెలిసినవారు తక్కువ. మేము ప్రధానముగా చెప్పదలచినది ఆ పనిని గూర్చియే.

పలువురు ఒకే యంత్రమును వాడునప్పుడు ఒకరి ఫైలును మరొకరు పాడుచేయకుండ చూడవలెను గదా! అందుకు ఏర్పాట్లు పూర్వపు వ్యవస్థలలోనూ ఉన్నవి. యూనిక్స్ వాటిని మిక్కిలి సులభము చేసినది. ప్రతి ఫైలుకు ఒక యజమాని ఉంటాడు. చదువుట, వ్రాయుట, నడిపించుట అని మూడు అనుమతులు ఉంటవి. తొలుత ఇవి యజమానికి, ఇతరులకు అని రెండు తరగతులుగా ఉండినవి. తరువాత యజమాని వర్గమునకు కూడ చోటు కల్పించి మూడు తరగతులు చేసినారు. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడిపించుటకు 1 అని లెక్క. ఒక ప్రోగ్రాముపై 755 అని ఉన్నచో యజమాని మూడు పనులును చేయగలడు. తక్కినవారు చదువగలరు, నడిపింపగలరు, మార్పలేరు. సాధారణ పత్రముపై 644 అని ఉన్నచో యజమాని తప్ప ఎవరును దానిలో వ్రాయలేరు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చినది. కళాశాల మార్కుల రిజిస్టరును ఉదాహరణగా తీసుకొందము. విద్యార్థి తన మార్కులను తెలుసుకొనవలెను, కాని రిజిస్టరు అతని చేతికి ఈయరాదు. కార్యాలయములోని గుమాస్తా రిజిస్టరును తెరచి అతనికి సంబంధించిన ఒక్క వరుసను చదివి చెప్పును. రిజిస్టరుపై అధికారము గుమాస్తాదే గాని విద్యార్థిది కాదు. కంప్యూటరులోనూ ఇట్టి అవసరమే ఏర్పడినది. ప్రతివాడు తన రహస్యపదమును తాను మార్చుకొనగలగవలెను, కాని అందరి రహస్యపదములున్న ఫైలును ఎవరును తాకరాదు. రిచీ దీనికి ఒక్క బిట్‌తో పరిష్కారము చూపినారు. ఆ గుర్తు ఉన్న ప్రోగ్రామును ఎవరు నడిపినను, అది నడుచునంతసేపు నడిపినవాని అధికారముతో గాక తన యజమాని అధికారముతో పనిచేయును. దానిని సెట్-యూజర్-ఐడి అందురు. 1971 నవంబరు 3వ తేదీతో వెలువడిన యూనిక్స్ మొదటి కరదీపికలోనే ఈ ఏర్పాటు కానవచ్చును. 1973లో దీనిపై పేటెంటుకు దరఖాస్తు చేయగా, 1979 జనవరి 16న రిచీ పేరున అది మంజూరైనది. తదుపరి బెల్ సంస్థ దానిని ప్రజలందరి వినియోగమునకు విడిచిపెట్టినది.

తన కల్పనను చూచి తానే మురిసిపోవువాడు సామాన్యుడు. అందలి ప్రమాదమును తానే చెప్పగలవాడు పెద్దమనిషి. యూనిక్స్ భద్రతను గూర్చి వ్రాసిన ఒక చిన్న వ్యాసములో రిచీ, భద్రతను ముఖ్యముగా దృష్టిలో ఉంచుకొని ఆ వ్యవస్థను నిర్మింపలేదని దాపరికము లేక ఒప్పుకొన్నారు. ఈ గుర్తు గల ప్రోగ్రాము ఫైలులో ఇతరులు వ్రాయగలిగినచో, వారు అందులో తమకు నచ్చిన మరొక ప్రోగ్రామును నింపి యజమాని అధికారమంతయు చేజిక్కించుకొందురని హెచ్చరించినారు. గుమాస్తా కుర్చీలో ఎవరైనను కూర్చొనగలిగినచో రిజిస్టరుకు తాళము వేసి ఏమి లాభము?

ఈ హెచ్చరిక నేడు సాఫ్ట్‌వేరు ప్యాకేజీలు కట్టువారికి నిత్యము వర్తించుచున్నది. లినక్స్ యూనిక్స్ అడుగుజాడలలో పుట్టినది. మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులకు ఆధారము లినక్సే. లినక్స్‌లో ఒక ప్రోగ్రామును పదిమందికి అందించువాడు దానిని మూటగట్టవలెను. ఆ మూటలో ఏ ఫైలులు ఉండవలెను, ఏవి ఉండరాదు, ఏ ఫైలుకు ఎవరు యజమాని, ఎంత అనుమతి అని అతడు ఒక పట్టిక వ్రాయును. రెడ్‌హ్యాట్ వారి ఆర్‌పీఎం పద్ధతిలో ఆ పట్టికకు ప్రత్యేక విభాగమే ఉన్నది. తయారైన ఫైలు ఏదైనను పట్టికకు ఎక్కనిచో సామాన్యముగా పని అక్కడనే ఆగిపోవును. ఆ నిర్బంధము మంచిదే. కాని విసుగు చెందినవాడు ఒక్కొక్క పేరు వ్రాయుటకు బదులు మొత్తము డైరెక్టరీ పేరు వ్రాసివేయును. అప్పుడు అందులో మరచిపోయిన తాత్కాలిక ఫైలులు, ఒక్కొక్కప్పుడు రహస్యపు తాళపుచెవులు సైతము మూటలోనికి చేరును. యజమాని ఎవరో నిర్ణయింపకున్న మరియొక అనర్థము కలుగవచ్చును. యూనిక్స్‌లో ఫైలు యజమానికి గుర్తు ఒక సంఖ్య. మూటగట్టినవాని సంఖ్యయే ఫైలుకు అంటుకొని పోయినచో, పరుల యంత్రములో ఆ సంఖ్య గల వేరొక వ్యక్తి దానికి యజమాని కావచ్చును. ఏదో ఇబ్బంది తీరుటకు అన్నిటికి 777 అని వ్రాయుట అన్నిటికంటె చెడ్డది. అది ఇంటికి తలుపులు పీకివేయుట వంటిది. మూటగట్టువాడు ఒకచోట చేసిన పొరపాటు దానిని విప్పిన ప్రతి ఇంటిలోను పొరపాటగును.

రిచీ తన కల్పనకు బానిస కాలేదు. ఆయన విభాగాధిపతిగా ఉండగా బెల్ ప్రయోగశాలలో రూపొందిన ప్లాన్-9 అను కొత్త వ్యవస్థలో సెట్-యూజర్-ఐడి లేదు, సర్వాధికారియైన వాడుకరియు లేడు. ఒకనాడు తాను కనుగొన్నదానిని మరొకనాడు తన కండ్ల ఎదుటనే విడిచిపెట్టుటకు ఆయన అడ్డుపడలేదు. 1983లో థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారమును అందుకొన్నారు. 1999లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ చేతుల మీదుగా వారిరువురికి జాతీయ సాంకేతిక పతకము లభించినది. 2007లో రిచీ ఉద్యోగ విరమణ చేసినారు. 2011 అక్టోబరు 12న న్యూజెర్సీలోని బర్క్‌లీ హైట్స్‌లోని స్వగృహమున, ఒంటరిగా ఉండగా, మరణించినట్లు కనుగొన్నారు. వారికి డెబ్బది ఏండ్లు. అంతకు వారము రోజుల ముందు స్టీవ్ జాబ్స్ కన్నుమూయగా ఆ వార్త లోకమంతటను మారుమ్రోగినది. రిచీ మరణవార్తకు అంతటి ప్రచారము రాలేదు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ప్రోగ్రాములు వ్రాయుదురు, కొందరు కార్యాలయములలో రిజిస్టరులు పట్టుకొందురు, కొందరు సంఘములకు పెద్దలగుదురు. మీ చేతికి వచ్చిన అధికారము ఎంతయో లెక్కించుకొనుడు. పనికి కావలసినంత మాత్రమే పరులకు ఈయుడు. కావలసిన దానిని మాత్రము నిరాకరింపకుడు. మీరు చేసిన పనిలోని లోపమును ఇతరులు చెప్పకమునుపే మీరే చెప్పుడు. డెనిస్ రిచీ జీవితమునుండి మేము గ్రహించిన పాఠము ఇదియే.