దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (జూలై 15, 1909 - మే 9, 1981) స్వాతంత్ర్య సమరయోధురాలు, న్యాయవాది, రాజ్యాంగ సభ సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు. మధ్యలో చదువు ఆగిపోయిన స్త్రీలను తిరిగి చదివించి, నర్సు, మిడ్‌వైఫ్, ఉపాధ్యాయిని వంటి ఉద్యోగాల శిక్షణకు అర్హులను చేసిన సంక్షిప్త విద్యా పథకం ఈమె హయాంలోనే మొదలయింది.

బాల్యము, వివాహము

దుర్గాబాయి రాజమండ్రిలో రామారావు, కృష్ణవేణమ్మ దంపతులకు జన్మించింది. ఎనిమిదేళ్ళ వయసులో ఆమెకు సుబ్బారావు అనే వ్యక్తితో వివాహం జరిపించారు. యుక్తవయసు వచ్చిన తరువాత ఆమె ఆ సంబంధంలో కొనసాగడానికి నిరాకరించింది. తండ్రి, సోదరుడు ఆమె నిర్ణయాన్ని సమర్థించారు. 1941లో సుబ్బారావు మరణించగా, అతని రెండవ భార్య మాయమ్మను దుర్గాబాయి తన వద్దనే ఉంచుకొని వృత్తి శిక్షణ ఇప్పించింది. మాయమ్మ ఆ తరువాత హైదరాబాదులో హస్తకళల శిక్షణాలయంలో ఉపాధ్యాయిని అయింది. దుర్గాబాయి తరువాతి కాలంలో చేపట్టిన పథకాలన్నిటికీ ఇది చిన్న నమూనా వంటిది.

పాఠశాలలో ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెట్టడాన్ని నిరసిస్తూ ఆమె పన్నెండేళ్ళకే బడి మానివేసింది. సొంతంగా హిందీ నేర్చుకొని, బాలికల కోసం ఒక హిందీ పాఠశాలను నడిపింది. 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా ఖాదీ ప్రదర్శన ద్వారం వద్ద స్వచ్ఛంద సేవికగా ఉండి, టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను లోనికి వెళ్ళనీయకపోవడం అందరికీ తెలిసిన సంఘటన.

జైలు జీవితము, చదువు

ఉప్పు సత్యాగ్రహంలోను, తరువాతి ఉద్యమంలోను పాల్గొని 1930 - 1933 మధ్య ఆమె మూడు సార్లు జైలుకు వెళ్ళింది. మదురై జైలులో ఏకాంత నిర్బంధం అనుభవించింది. వెల్లూరు జైలులో చూసిన ఇతర మహిళా ఖైదీలలో చాలామంది నిరక్షరాస్యులు. తమ మీద మోపిన నేరమేమిటో, దానికి ఎలా సమాధానం చెప్పుకోవాలో కూడా తెలియనివారు వారిలో ఉన్నారు. న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పం ఆమెకు అక్కడే కలిగింది. ఇంగ్లీషు నేర్చుకోవడం కూడా జైలులోనే.

విడుదలయ్యేసరికి ఆమె వయసు ఇరవై నాలుగేళ్ళు. బడి మానివేసి పన్నెండేళ్ళయింది. ఆ వయసులో చిన్నపిల్లలతో కలిసి తరగతిలో కూర్చోవడం కుదిరే పని కాదు. అందువలన ఇంటి వద్ద చదువుకొని కాశీ హిందూ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్యులేషన్ పరీక్ష రాసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే స్త్రీలకు హాస్టలు లేదన్న అడ్డంకి ఎదురయింది. అప్పటి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి. దుర్గాబాయి పత్రికలో ప్రకటన ఇచ్చి, చదువుకోదలచిన మరికొందరు స్త్రీలను కూడగట్టి ఆ అడ్డంకిని తొలగించింది. అక్కడ రాజనీతి శాస్త్రం చదివి, 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొందింది.

ఆంధ్ర మహిళా సభ

1937లో మద్రాసులో ఆమె ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. తాను నడిచిన దారినే ఇతరులకు చూపడం సభ తొలి కార్యక్రమాలలో ఒకటి. వితంతువులను, భర్త వదిలివేసినవారిని, బాల్యంలోనే బడి మానినవారిని చేర్చుకొని కాశీ మెట్రిక్ పరీక్షకు తయారు చేసేవారు. క్రమంగా వసతిగృహం, ఆసుపత్రి, నర్సింగ్ శిక్షణ, ఉపాధ్యాయ శిక్షణ సభ కార్యక్రమాలలో చేరాయి. తరువాత హైదరాబాదుకు కూడా సభ విస్తరించింది. విద్యానగర్‌లో సభ ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో మహిళా కళాశాల వెలిశాయి.

నర్సుల కొరత - సంక్షిప్త విద్యా పథకము

స్వాతంత్ర్యానికి ముందు 1946లో భోర్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో సుమారు 43,000 మందికి ఒక నర్సు, 60,000 మందికి ఒక మిడ్‌వైఫ్ ఉండేవారు. ఈ కొరతను త్వరగా తీర్చడానికి 1951లో రెండేళ్ళ సహాయక నర్సు - మిడ్‌వైఫ్ (ఎ.ఎన్.ఎం.) కోర్సు మొదలయింది. పల్లెటూరి ప్రసవాలు, టీకాలు, చిన్నచిన్న చికిత్సలు చూడవలసినది ఈ ఎ.ఎన్.ఎం.లే. కోర్సు పెట్టారు గాని, అందులో చేరడానికి అప్పట్లో మాధ్యమిక స్థాయి చదువు ఉండవలసి వచ్చేది. పూర్తి స్థాయి నర్సింగ్ కోర్సుకయితే మెట్రిక్ కావలసి వచ్చేది. 1961 జనాభా లెక్కలలో కూడా ఆంధ్ర ప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత సుమారు 12 శాతమే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి తెలంగాణా పట్టణాల చుట్టుపక్కల పల్లెలలో ఏడవ తరగతి దాటిన ఆడవారు అరుదు. నర్సు అవసరం ఎక్కువగా ఉన్న చోటే నర్సు కాగల స్త్రీలు తక్కువ. బయటి ఊరి నుండి వచ్చినవారు పల్లెలో నిలవడం కూడా కష్టమే.

1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలిగా, 1953 నుండి కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి అధ్యక్షురాలిగా దుర్గాబాయికి ఈ చిక్కు ఎదురయింది. నర్సింగ్ పాఠశాలలు పెంచినంత మాత్రాన ఇది తీరదు. చేరడానికి అర్హత గలవారిని ముందు తయారు చేయాలి. 1958లో మండలి ప్రారంభించిన వయోజన స్త్రీల సంక్షిప్త విద్యా పథకం ఉద్దేశం ఇదే. కొంత చదివి మానివేసిన స్త్రీలను స్వచ్ఛంద సంస్థల ద్వారా చేర్చుకొని, రెండేళ్ళలో మాధ్యమిక లేదా మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేసేవారు. పరీక్షలో రాయితీ లేదు, తగ్గించినది కాలాన్ని మాత్రమే. మద్రాసులో సభ ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనే ఇప్పుడు దేశమంతటికీ పథకమయింది.

పెద్దవారికి నేర్పడం, పిల్లలకు నేర్పడం ఒకటి కాదన్న సూత్రం మీద ఈ పథకం ఆధారపడింది. పిల్లవాడికి ఒక్కో తరగతికి ఒక్కో ఏడు పట్టడానికి కారణం పాఠం ఒక్కటే కాదు, ఎదుగుదల కూడా. ఇల్లు నడిపిన స్త్రీకి కొలతలు, లెక్కలు, రోగికి సేవ చేయడం కొత్త కావు. ఆమెకు లేనివి చదవడం, రాయడం, పరీక్ష రాసే అలవాటు. నర్సుకు ఇవి లేకపోతే ప్రమాదం. మందు సీసా మీది పేరు చదవలేనివారు, మోతాదు లెక్క కట్టలేనివారు, జ్వరం పట్టికను నింపలేనివారు వార్డులో ఎంత ఓపికగా ఉన్నా రోగికి రక్షణ ఉండదు. అందుచేత ఎ.ఎన్.ఎం. శిక్షణకు ముందు సాధారణ విద్య తప్పనిసరి. ఈ నియమాన్ని సడలించడానికి బదులు, దాన్ని అందుకునే మెట్టు ఒకటి కట్టడం దుర్గాబాయి చేసిన పని. అయితే అయిదారేళ్ళ పాఠాలను రెండేళ్ళలో కుదించడం వలన గణితం, ఇంగ్లీషు వంటివి చాలామందికి భారమే అయ్యేవి.

తరువాతి కాలంలో అర్హతలు పెరుగుతూ వచ్చాయి. 1977లో ఎ.ఎన్.ఎం. కోర్సును పద్దెనిమిది నెలలకు మార్చి మెట్రిక్ అర్హత పెట్టారు. ఆ తరువాత ఇంటర్మీడియట్ కోరారు, కాలపరిమితి తిరిగి రెండేళ్ళయింది. మాధ్యమిక పరీక్షతో నర్సింగ్‌లోకి వెళ్ళే దారి ఆ విధంగా మూసుకుపోయింది.

ఇతర విశేషాలు

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయి, సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఏకైక మహిళగా ఆమె గుర్తింపు పొందింది. 1952 ఎన్నికలలో ఓడిపోయింది. 1953 జనవరి 22న అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి చింతామన్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడింది. 1958లో స్త్రీ విద్యపై ఏర్పాటయిన జాతీయ కమిటీకి అధ్యక్షత వహించింది. ఆ కమిటీ మరుసటి సంవత్సరం నివేదిక సమర్పించింది. 1975లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ బిరుదుతో సత్కరించింది.

దుర్గాబాయి 1981 మే 9న మరణించింది. విద్యానగర్‌లోని ఆంధ్ర మహిళా సభ ఆసుపత్రికి ఆమె పేరు పెట్టారు. ఒకప్పుడు హాస్టలు లేదని ఆమెను చేర్చుకోవడానికి వెనుకాడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, 2006లో తన మహిళా అధ్యయన కేంద్రానికి ఆమె పేరే పెట్టింది.